కుదరని తుపాకీ

రెంటచింతల సలోమికి ఇరవై ఎనిమిదేళ్ళ వరకూ పెయింట్‌బాల్ తుపాకీ అంటే ఏమిటో తెలియదు. నరసరావుపేటలో కుట్టుపని గిట్టుబాటు కాక, ఊరి బయట ధనుంజయరావు పెట్టిన ఆటస్థలంలో చేరింది. జట్లుగా విడిపోయి రంగు నింపిన గుండ్లతో కాల్చుకునే ఆట అది. వచ్చినవాళ్ళకు మాస్కు తొడిగి తుపాకీ చేతికివ్వడం ఆమె పని.

నెల తిరిగేసరికి ఆమెకొక సంగతి తెలిసింది. తుపాకీ వెనకుండే గాలి సిలిండరే భుజానికి ఆనాలి. అది పొట్టిదైతే పొడుగు చేతులవాడు మెడ వంచుతాడు. మాస్కు అడ్డొచ్చి గురి కనపడదు. అప్పుడు మాస్కు పైకెత్తుతాడు. అందుకని మనిషికి మాస్కు పెట్టించి, కళ్ళు మూసుకుని తుపాకీ భుజాన ఆనించమనేది. కళ్ళు తెరవగానే మెడ వంచకుండా గురి కనపడాలి. కనపడకపోతే తుపాకీకీ సిలిండరుకూ మధ్య ఒక ముక్క బిగించి పొడవు పెంచేది. ఆ ముక్కలు రెండే ఉండేవి. ఇంకొన్ని తెప్పించమని యజమానిని మూడుసార్లు అడిగింది. చూద్దామన్నాడు.

వేసవిలో ఒక ఆదివారం నకరికల్లు నుంచి ప్రదీప్ అనే కుర్రాడు స్నేహితులతో వచ్చాడు. డిగ్రీ అయి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు, ఆరడుగుల పైన మనిషి. ముక్కలు రెండూ అప్పటికే ఆటలో ఉన్నాయి. కాసేపు ఆగమంది సలోమి. ఫర్వాలేదు, ఇచ్చెయ్యమన్నాడతను. బయట ఇంకో రెండు జట్లు కాచుకుని ఉన్నాయి.

“వీళ్ళేమన్నా యుద్ధానికి పోతన్నారా ఏంది అమ్మాయ్? ఇచ్చి పంపు,” అన్నాడు ధనుంజయరావు.

ఆమె ఇచ్చింది.

పది నిమిషాలకు కేక వినపడింది. గురి కోసం ప్రదీప్ మాస్కు ఎత్తాడు. ఆ క్షణంలోనే గుండు ఎడమ కంటికి తగిలింది. గుంటూరు తీసుకెళ్ళారు. ఆ కంటికి ఇక చూపు రాదని మూడోరోజు డాక్టర్లు చెప్పారు.

నిబంధన మీరి మాస్కు తీసింది అతనేనని పోలీసులకు చెప్పమన్నాడు ధనుంజయరావు. అందులో అబద్ధమేం లేదు. సలోమి స్టేషన్లో ఆ మాట చెప్పింది కానీ అక్కడితో ఆగలేకపోయింది. తుపాకీ అతనికి కుదరలేదని తనకు తెలుసనీ, తెలిసే ఇచ్చాననీ కూడా రాయించింది. పని పోయింది. కేసులో యజమాని పేరు కింద ఆమె పేరూ చేరింది.

ఆ వారంలోనే నకరికల్లు వెళ్ళింది. ప్రదీప్ తల్లి కోటేశ్వరమ్మ లోపలికి రమ్మనలేదు.

“నువ్వు ఆగమనే అన్నావుగా అక్కా. నేనే ఆగలా,” అన్నాడు ప్రదీప్ మంచం మీద నుంచి.

“నువ్వూరుకోరా,” అంది తల్లి. సలోమి వైపు తిరిగి, “నీకు తెలుసంటగా. తెలిసి ఎట్టిచ్చావమ్మా?” అని అడిగింది.

సలోమి గుమ్మం ముందు నుంచే వెనక్కి తిరిగి బస్టాండుకు నడిచింది.

ఏడాదిన్నర అయింది. వాయిదా ఉన్నప్పుడల్లా కోర్టు వరండాలో కోటేశ్వరమ్మ ఒక చివర కూర్చుంటుంది, సలోమి ఇంకో చివర. ధనుంజయరావు ఏదో ఒక కారణం చెప్పించి రాడు. పోయిన వాయిదాకు ప్రదీప్ వచ్చాడు. ఎడమ పక్క మెట్టు కనపడక తూలాడు. సలోమి లేవబోయింది. తల్లి అతని చెయ్యి పట్టుకోవడం చూసి మళ్ళీ కూర్చుంది.