కొబ్బరినూనె పట్టించిన రీలు

చెప్పినదానికంటే రెండు పనులు ఎక్కువ చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. గాలం కర్ర దగ్గరా అదే చేశాను.

నాకు చేపలు పట్టడం నేర్పినాయన మా యూనివర్సిటీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. నేను అక్కడే లైబ్రరీలో పనిచేస్తాను. మా కర్నూలు అలవాటు కొద్దీ ఆయన్ని చిన్నాయనా అంటాను. ఆదివారం వస్తే నా స్కూటర్ మీద ఇద్దరం ఊరవతలి చెరువుకు పోయేవాళ్లం. రెండేళ్లుగా ఆయన కళ్లలో శుక్లాలు. గాలానికి దారం కట్టడం నా పనే అయింది. అది ఆయనకెంత చిన్నతనంగా ఉండేదో! దారం నా చేతికిచ్చి అటు తిరిగి కూర్చునేవాడు.

ఈ చలికాలం మొదట్లో ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. ముందురోజు తార్నాకలోని మా ఫ్లాటుకు వచ్చి, గాలం కర్రా, దారం చుట్టుకునే రీలూ నాకు అప్పగించాడు.

"తడిబట్టతోని తుడిచి నీడకు ఆరబెట్టు. ఎండల పెడితే దారం పెళుసైతది. మిషన్ ఆయిల్ ఒక్క సుక్క ఎయ్యి, గంతే. నెల దినాలైనంక గాలం నేనే కట్టుకుంట, సూడు బిడ్డా" అన్నాడు. అన్నాడే గానీ గొంతులో నమ్మకం లేదు.

తుడిచాను, ఆరబెట్టాను. ఇంట్లో మిషన్ ఆయిల్ లేదు, కొబ్బరినూనె ఉంది. ఒక్క చుక్కేం సరిపోతుందని, జడకు పట్టించినట్టు దండిగా పట్టించాను. రీలు గిర్రున తిరిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల తర్వాత డాక్టరు సరేనన్నాడు. ఆదివారం పొద్దున్నే క్యాంపస్‌లో టీ బండి దగ్గర కలిశాం. నల్లద్దాలు పెట్టుకుని పెళ్లికొడుకులా వచ్చాడు. రీలు అందుకుని పిడి తిప్పాడు. అది కదల్లేదు.

"ఏంది బిడ్డా, ఏం పూసినవ్?"

వేలితో గీకితే తెల్లగా వచ్చింది. ఆ వారమంతా మా బాత్రూంలో కొబ్బరినూనె సీసా చలికి గడ్డకట్టడం చూస్తూనే ఉన్నాను. రీలులో ఉన్నదీ ఆ నూనే అని నా బుర్రకు తట్టలేదు. ఆయన నెలరోజులుగా ఎదురుచూసిన పొద్దును చెడగొట్టానని సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడేం చేసేది చిన్నాయనా?"

"ఏం జేస్తం? నెత్తినూనె లెక్క ఎండకు పెడదాం" అని పకపకా నవ్వి, ఎండ పడుతున్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు.

నూనె కరిగాక సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు, కంటిచుక్కల ఖాళీ సీసా తీశాడు. చుక్క చుక్కగా పడుతుందని అందులో మిషన్ ఆయిల్ పోసుకున్నాడట.

"కంట్లో వేసుకునేది ఇది కాదు కదా?" అన్నాను.

"నీ లెక్కనే అనుకున్నవా నన్ను?"

అలవాటుగా స్క్రూడ్రైవరు నా వైపు చాపి, ఎందుకో ఆగాడు. నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. రీలును ముఖం దగ్గరకు తెచ్చుకున్నాడు.

"ఆగు బిడ్డా. స్క్రూ మీద గీత కనిపిస్తున్నది."

అందుకోబోయిన చేయి వెనక్కి తీసుకున్నాను. ఆయనే విప్పాడు, తుడిచాడు, ఒక్క చుక్క వేసి బిగించాడు. చెరువు దాకా ఆగలేక, గాలానికి దారం అక్కడే ముడి వేశాడు. ఒకసారి లాగి చూసుకుని, విప్పి, మళ్లీ వేశాడు.

చెరువు చేరేసరికి పదకొండు దాటింది. ఒక్క చేపా పడలేదు. తిరుగుదారిలో నా వెనక కూర్చుని, తార్నాక దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ పైకి చదువుతూనే వచ్చాడు.