ఆవిరి ఎటు పోయింది?

జ్యోత్స్నకు పన్నెండేళ్లప్పుడు ఏలూరులో వాళ్లింట్లో ప్రెషర్ కుక్కర్ పేలింది. ఆమె ఎడమ ముంజేతి మీద అరచేతంత మచ్చ మిగిలింది. కొండాపూర్‌లో కాపురం పెట్టి ఎనిమిదేళ్లయినా ఆమె వంటింట్లోకి కుక్కర్ రాలేదు. అన్నం గిన్నెలోనే వార్చేది.

అలాంటి మనిషికి ఎస్ప్రెస్సో కాఫీ మీద మోజు పుట్టింది. ఐటీ కంపెనీలో టెస్టర్‌గా చేస్తూ ఆఫీసు కాఫీకి అలవాటుపడింది. వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని అయ్యాక, ఇంట్లోకే ఓ చవక మిషన్ కొనాలనుకుంది. నెల రోజులు వీడియోలు చూసింది. బాగా చవకవాటిలో బిగుతు మూత ఉన్న తొట్టిలో నీళ్లు మరిగి, ఆ ఆవిరే కాఫీని తోస్తుంది. ఇంకాస్త పెడితే మోటారుతో తోసేవి వస్తాయి. ఆ ఆవిరి మిషన్ బొమ్మ కనిపిస్తేనే ఆమె వీడియో ఆపేసేది.

"అన్నిటికీ భయమేనా? చూసొద్దాం పద" అని ఆదివారం భర్త చైతన్య మూసాపేటలో ఐలయ్య దుకాణానికి తీసుకెళ్లాడు. ఐలయ్య పాత మిషన్లు బాగుచేసి అమ్ముతాడు.

"గిది అగ్గువకొస్తది మేడం, సూడుండ్రి" అంటూ ఆవిరి మిషన్‌లోనే నీళ్లు పోసి, మూత బిగించి, స్విచ్ వేశాడు.

జ్యోత్స్న గుమ్మం దాకా వెనక్కి జరిగింది. మిషన్ గుర్రుమంది. నాలుగు చుక్కల కాఫీ పడి ఆగిపోయింది. పాలు కాచే గొట్టం తిప్పితే ఆవిరి రాలేదు. ఐలయ్య స్విచ్ ఆపాడు.

"నీళ్లు అయిపోయినట్టున్నాయి" అంటూ చైతన్య మూత మీద చెయ్యి వేశాడు.

నీళ్లు పోసి పది నిమిషాలు కాలేదు. మరి ఆ ఆవిరంతా ఎటు పోయింది? కాఫీ దారీ, పాల గొట్టమూ రెండూ మూసుకుపోతే, అది మూత కిందే ఉంది.

"ముట్టుకోకు!" పరుగున వెళ్లి అతని చెయ్యి లాగేసింది.

"ఏం గాదమ్మా, బంద్ చేసిన గదా" అన్నాడు ఐలయ్య.

"లోపలి ఆవిరి బంద్ కాలేదన్నా. దయచేసి దూరం జరగండి."

ముగ్గురూ బయట నిలబడ్డారు. అరగంట దాటాక, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, ఐలయ్య గొట్టం చివర సూదితో పొడిచాడు. ఎండిన పాల పెచ్చు ఊడి, ఇంకా వేడి ఆవిరి బుస్సున గోడను తాకింది. ఐలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"పొద్దుగాల ఇది వేడిగున్నప్పుడే నా బిడ్డ హర్షిణి మూత తీసి తుడుస్తనన్నది" అన్నాడు మెల్లగా. ఆ మిషన్ వైరు అక్కడే కత్తిరించేశాడు.

వాళ్లు మోటారు మిషన్ కొనుక్కున్నారు. మొదటి వారం జ్యోత్స్న బటన్ నొక్కి హాల్లోకి పారిపోయేది. కాఫీ మాత్రం బాగుండేది.

నెల తర్వాత ఐలయ్య ఫోన్ చేశాడు. "అమ్మా, ఇంకో ఆవిరి మిషనొచ్చింది. అమ్మాల్నంటే భయమైతుంది. జర వచ్చి సూస్తవా?"

జ్యోత్స్న ముంజేతులు కప్పే పొడుగు చేతుల చొక్కా వేసుకుని మూసాపేటకు మెట్రో ఎక్కింది.