బావ టేపు, అక్క పాటలు

రేడియేషన్ చికిత్స మొదలైన రోజు హైదరాబాద్ నుంచి తిరిగి వస్తున్నాం. గజ్వేల్ దాటాక వెనక సీట్లోంచి అక్క మెల్లగా అంది.

"ఇగ నేను రాను తమ్మీ. ఎట్లయితే గట్లయితది."

నొప్పి వల్ల కాదు. యంత్రం కింద పడుకున్నప్పుడు ఏమీ తెలియనే లేదని ఆమే చెప్పింది. భయమంతా దారిలో ఉంది. సిద్దిపేట నుంచి ఆసుపత్రి దాకా అంతసేపు కదలకుండా కూర్చుంటే, ఇంజను మోత తప్ప ఇంకేమీ వినపడకపోతే, తలలోకి రాకూడని ఆలోచనలన్నీ వస్తున్నాయట. "పోయేటప్పుడు సచ్చిపోతనేమో అనిపిస్తది. వచ్చేటప్పుడు బతికి ఏం జెయ్యాలె అనిపిస్తది" అంది.

మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే నాకు వాదించడం వృత్తి లాంటిది. జబ్బు తొలిదశలోనే ఉందని, మధ్యలో మానితే చేసినదంతా వృథా అవుతుందని డాక్టరు చెప్పిన మాటలన్నీ మళ్లీ వరుసగా పెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"నువ్వు మైకు ముంగట మాట్లాడినట్టు మాట్లాడకు. గదంత నాకు తెల్వదా? తెలుసు. తెలిసినా భయమైతుంది."

భయం అజ్ఞానంలోంచి పుడుతుందని నేను చాలా వ్యాసాల్లో రాశాను. అన్నీ తెలిసిన మనిషి భయపడితే ఏం చెప్పాలో ఏ వ్యాసంలోనూ రాయలేదు. అందుకే వాదన మానేసి, ఏముంటే దారి గడుస్తుందో అడిగాను.

"పాటలుండాలె" అంది.

సినిమా పాటలు కాదు. పోయినేడు తమ వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మ ఆడుతూ పాడిన పాటలు. ఎవరో ఫోన్లో రికార్డు చేసి అందరికీ పంపారు. ఆ గుంపులో అక్క గొంతు కూడా ఉంది. కానీ ఆ కారు మోతలో ఫోన్లోంచి పాట వింటే, ఎవరో నోట్లో గుడ్డ కుక్కుకుని పాడుతున్నట్టు ఉంటుంది.

కారు బావది. బావ పోయి కొన్నేళ్లయింది. అందులో ఉన్నది కంపెనీవాళ్లే బిగించి ఇచ్చిన పాత క్యాసెట్ టేపు. క్యాసెట్లు చెడిపోయాక బావ అందులో రేడియో మాత్రమే వినేవాడు. టేపు తీసేసి, ఫోనుకు కలిసే కొత్త సెట్టు పెట్టిస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"ఆయన రోజు పట్టుకున్న గుండీలు గవి. తియ్యనియ్య."

"గుండీల ఏముంటదక్కా?"

"ఏం లేదు. గయినా తియ్యనియ్య."

ఏం లేదని ఆమే అంటున్నప్పుడు నేను ఖండించడానికి ఏం మిగిలింది? అది మూఢనమ్మకం కాదు, ఇష్టం. నమ్మకానికి రుజువు అడగొచ్చు. ఇష్టానికి అడగకూడదు.

మర్నాడు ఆదివారం, ఆసుపత్రికి సెలవు. పొద్దున్నే బజారుకు పోయి ఒక పరికరం తెచ్చాను. చూడడానికి అచ్చం క్యాసెట్టే, లోపల బ్లూటూత్ ఉంటుంది. టేపులో పెడితే ఫోన్లో పాట కారు స్పీకర్లలోంచి వస్తుంది. సెట్టులో ఒక్క స్క్రూ కూడా విప్పే పని లేదు. చాలా సంతోషపడ్డాను. టేపు దాన్ని లోపలికి లాక్కుంది, గరగరమంది, బయటికి కక్కేసింది. మళ్లీ పెట్టాను. మళ్లీ కక్కింది.

గేటు దగ్గర నిలబడి చూస్తున్న అక్క ముఖం వాడిపోయింది. "సూసినవా? మీ బావకు ఇష్టం లేదు."

నాకు కోపం వచ్చింది. "పోయినోళ్లకు ఇష్టాలు, కోపాలు ఉండయక్కా. మిషిని పని చేస్తలేదంటే కారణం మిషిన్లనే ఉంటది."

"అయితే చూపియ్యి. పాటొస్తే రేపు వస్త. రాకుంటే ఇగ నన్ను అడగకు."

చచ్చినవాళ్లు తిరిగి రారని ఊరూరా తిరిగి మాట్లాడాను. ఓడిపోయినా ఇంటికి వచ్చి అన్నం తిని పడుకునేవాణ్ణి. ఈసారి ఓడిపోతే అక్క చికిత్స ఆగిపోతుంది.

ఆమెను ఎక్కించుకుని కారు సెట్లు బిగించే దుకాణానికి పోయాను. దుకాణదారు టేపు చూసి నవ్వాడు.

"సార్, దీన్ని మ్యూజియంల పెట్టుర్రి. పెద్ద స్క్రీనేస్త. ఎనుకకు కెమెరా గూడ వస్తది."

"నాకు కెమెరా వద్దు. గిది ఎందుకు కక్కుతుందో చూడు."

"బండికి నిమ్మకాయ గూడ గట్టలేదేంది సార్? దిష్టి తగిలినా గిట్లనే చేస్తది."

"నిమ్మకాయ మేము పప్పుల పిండుకుంటం. అసలు దిష్టి అంటే..."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అక్క అడ్డుపడింది. "మా తమ్మునితోని పెట్టుకోకు బిడ్డా. పొద్దుగూకే దాక చెప్తడు. నువ్వు విప్పు."

అతను టేపును బయటికి లాగి పైమూత తీశాడు. లోపల చక్రాల మధ్య ఎండిపోయిన ఆకుల పొడి, ఇంకా పొడి కాని చిన్న చిన్న ఆకులు. ఎలుక గూడు పెట్టిందేమో అనుకున్నాడు. వేలితో తీసి చూసి, "అమ్మా, ఇది జమ్మాకు" అన్నాడు.

దసరా నాడు మా దగ్గర జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకుంటాం. బావ ఇచ్చినప్పుడల్లా ఇది ఆకే కానీ బంగారం కాదని నేను చెప్పేవాణ్ణి. "తెలుసు బామ్మర్దీ. బంగారమైతే నీకెందుకిస్త?" అనేవాడాయన. క్యాసెట్లు పోయినా ఆ టేపు నోట్లో ప్రతి దసరాకూ ఆకు పెడుతూ వచ్చింది ఆయనే అయ్యుండాలి. ఆ కారు ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

అక్క లేచి వచ్చింది. చిటికెడు ఆకులు అరచేతిలో వేసుకుని వేలితో కదిపి చూసింది. బావే చేతులారా టేపు నోరు మూశాడని ఇప్పుడామె అంటే, రేపటి చికిత్స ఇక్కడితో ఆగినట్టే.

అక్క పకపకా నవ్వింది.

"ఓరి పిచ్చోడా! పండుగ నాడు అందరికి బంగారం పెట్టి, ఆఖరుకు కారు కాడికి పోతుండె. నేను బీడీ తాగనీకి పోయిండనుకొని యాడాదికోపారి లొల్లి పెట్టుకుంటుంటి. టేపుకు బంగారం పెడుతున్న అని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద!"

"చెప్తే నవ్వుతవని చెప్పలేదేమో."

"మరి నవ్వనా?"

ఆ ఆకు వల్ల టేపుకు మేలు జరగలేదు, చెడే జరిగింది. బావ మీద ఎంత ప్రేమున్నా ఆ సంగతి దాచను. కానీ దారి పొడుగునా తనకు పాట వినిపించిన వస్తువును ఆ మనిషి ఇంటి మనిషిలా చూసుకున్నాడు. అదీ అంతే నిజం. ఒకటి ఒప్పుకుంటే రెండోది కొట్టేయాలని ఏ తర్కమూ చెప్పదు.

దుకాణదారు బ్రష్షు పట్టుకుని ఆగిపోయాడు. "పూజకు పెట్టినయి గదమ్మా. రెండాకులు లోపల్నే ఉంచాల్నా?"

నేను నోరు తెరిచేలోపే అక్క చెప్పింది. "ఒక్కటి గూడ ఉంచకు. గియ్యి ఎండిపోయినయి. వచ్చే దసరాకు కొత్తయి తెంపుకుంటం."

ఎండలింకా ముదరలేదు. దసరా ఎంతో దూరంలో ఉంది. నిన్న ఎట్లయితే గట్లయితది అన్న మనిషి ఇవాళ వచ్చే పండుగ మాట మాట్లాడుతోంది. నేను అటు తిరిగి, గోడకు వేలాడుతున్న స్పీకర్లను కాసేపు చూస్తూ నిలబడ్డాను.

లోపలంతా శుభ్రం చేసి, చక్రాలకు చుక్క నూనె వేశాడు. పరికరం పెడితే టక్కున లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. ముందు చిన్న గుసగుస, తర్వాత చప్పట్లు, ఆ తర్వాత వాడకట్టు ఆడవాళ్లంతా ఒక్కసారిగా. "జర సౌండ్ పెంచు" అంది అక్క.

మర్నాడు దారంతా పాటలే. గజ్వేల్ దగ్గర కూరగాయల ఆటోల మధ్య ఇరుక్కున్నా ఆమె పట్టించుకోలేదు. "గీడ తప్పు పాడింది సూడు, మా పక్కింటామె. ఎప్పుడు గంతే. అందరికన్న ముందుగాల ఉరుకుతది" అని తప్పులు పడుతూ కూర్చుంది. ఆసుపత్రిలో పేరు పిలిస్తే లేచి, నా వైపు చూడకుండానే లోపలికి నడిచింది.

తిరిగి వచ్చేటప్పుడు ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య సందులో అడిగింది. "రేపు ఇంక జర జల్ది ఎల్లుదామా? ఎండ గాకముందే పోయి వద్దాం."

సరేనన్నాను.