దడి మీద తగువు

నా చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవుకి దగ్గర్లో, మా పేటలో జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదని బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను.

మా దడికి అవతల టీచరమ్మగారు ఒక్కరే ఉండేవారు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. తల్లి పోయాక ఆ ఇంట్లో పలకరించే మనిషి లేకుండా పోయింది. మా చర్చి సంఘంలో శుక్రవారం శుక్రవారం ఒక్కో ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకునేవారు. వరసలో ఆవిడ ఇల్లు వచ్చిన ఆదివారం, గుళ్ళో అందరి ముందూ సంఘపెద్ద లేచేడు. "కుటుంబ ప్రార్థనంటే కుటుంబం ఉండాలి కదండీ. ఆవిడ గోడలతో కలిసి చేసుకుంటారు లెండి," అన్నాడు. కొందరు నవ్వేరు. పాస్టరుగారు తరవాతి ఇంటివాళ్ళ పేరు చదివేశారు.

మర్నాటినుంచి టీచరమ్మగారు బడికి రాలేదు. మంచం దిగలేదు, పొయ్యి రాజెయ్యలేదు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు విశ్వాసం ఉంచమని బోధలు చేస్తే గోడవైపు తిరిగి పడుకున్నారు. మా అమ్మ పంపిన గంజికి చీమలు పట్టాయి.

మా నాయనమ్మ నోరంటే పేటంతా హడల్. నాలుగోరోజు పొద్దున్నే ఆమె నన్ను పిలిచి, టీచరమ్మగారి చెట్టుకింద పడున్న కొబ్బరిమట్టని దడి సందులోంచి మా దొడ్లోకి ఈడ్పించింది. ఆ మట్ట పడవంత ఉంది. చెట్టుమీంచి అది పడ్డ చప్పుడుకి గోదారి అవతల నరసాపురంలో కాకులు లేచిపోయాయి. ఆ పని కాగానే నాయనమ్మ వెళ్ళి టీచరమ్మగారి గుమ్మంలో నిలబడింది.

"మీ చెట్టు మట్ట మా దొడ్లో పడ్డాదండీ. ఎవరు తీస్తారు?"

నాయనమ్మ గొంతు పెంచింది.

"పిల్లలకి నీతులు చెప్తారు, మట్ట తియ్యడం తెలీదేంటండీ?"

"రేపు తీస్తానండీ," అని లోపల్నించి సన్నగా వినపడింది.

"రేపటికి మా బీరపాదు చచ్చూరుకుంటాది."

మర్నాడు మరో మట్ట. ఆ మర్నాడు ఇంకోటి. అప్పుడు లేచొచ్చేరు టీచరమ్మగారు. జుట్టు రేగిపోయి, కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"మట్టలకి కాళ్ళొచ్చాయేంటండీ? మీ మనవడి చేతులమీద ఆ గీరుళ్ళేంటి? ఈ వయసులో మీకు బుద్ధి లేదండీ."

"ఆయ్, లేదండీ. కాస్త గంజి తాగి రండి, మిగతావి అప్పుడు తిడుదురుగాని."

తాగేరు. వచ్చి తిట్టేరు. సోమవారం బడికి వెళ్ళేరు. ఆనాటినుంచి రోజూ సాయంత్రం దడి దగ్గర ఇద్దరికీ తగువే.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం గుళ్ళో మా నాయనమ్మ లేచి, ఈ శుక్రవారం ప్రార్థన టీచరమ్మగారింట్లో అని చెప్పింది. "కుటుంబం ఏదండీ?" అన్నాడు సంఘపెద్ద.

"నేనున్నానండీ. రోజూ నాతో తగువాడతారు. కుటుంబం కాకపోతే నన్నెవరు భరిస్తారు?"

ఆ శుక్రవారం జనం పట్టక వాకిట్లో చాపలు వేశారు. ఆ చాపలు మావి. వాటికోసం మళ్ళీ తగువు.

ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా మూడురోజులు తలుపు తియ్యకపోతే, నేను వెళ్ళి ఏదో ఒక తగువు పెట్టుకుంటాను. బోధ చెయ్యను.

ఇక ఒప్పుకోవాలి. నేను చెయ్యి వేసింది బైబిలు మీద కాదు, పాటల పుస్తకం మీద. మట్ట పడవంత లేదు. కాకుల సంగతి నాకు తెలీదు. సంఘపెద్దని కూడా నేనే పుట్టించాను. గోడల మాట అన్నది మా నాయనమ్మే. తప్పయిందని చెప్పడం ఆమెకి జన్మలో చేతకాలేదు. రెండోసారి ఆమె గుళ్ళో లేచినప్పుడు కుటుంబం ఏదని ఎవరూ అడగలేదు. తన మాటకి తనే జవాబు చెప్పుకుంది.