ఎర్రగా కనిపించిన చెరువు

మా ఎదురు ఖోలీలో, అంటే ఎదురు గదిలో ఉండే సాక్షి ముంబైలోని కామాటిపురాలో పుట్టి పెరిగిన పిల్ల. తాతల నాటి పాలమూరును ఆమె చూసింది వర్లిలోని ఆఫీసు కంప్యూటర్లోనే. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో ఏ చెరువులో ఎంతమేర నీళ్లున్నాయో గీత గీసి చూపడం ఆమె పని. వాటిలో నీళ్లు నల్లగా, పచ్చదనం ఎర్రగా కనిపిస్తాయి. ఆ లెక్క చూసి ఒక సేవాసంస్థ వేసవిలో ఎండిన ఊళ్లకు తాగునీటి ట్యాంకర్లు పంపుతుంది. ఆరు నెలలైతే ఉద్యోగం పర్మనెంట్ అన్నారు. ఇంకో వారమే మిగిలింది.

అప్పుడే సాక్షి నాయనమ్మ రాజవ్వకు ఊరి నుంచి చెల్లెలు పోచమ్మ ఫోన్ చేసింది. పక్క ఊళ్లకు ట్యాంకర్ వస్తోందట, తమకు మాత్రం రాదట. చెరువు నిండుగా ఉందని ఎవరో రాశారట. రాజవ్వ ఇటుకలు మోసి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, నోరు మెత్తనిది కాదు. రాసినవాళ్ల కళ్లల్లో మన్ను పడాలని అరగంట తిట్టింది. పక్కనే తింటున్న సాక్షి కంచం పక్కకు జరిపింది.

ఆ ఊరి చెరువు లెక్క రాసింది తనే. చెరువంతా ఎర్రగా ఉంటే ముంబైలోని పవాయి చెరువు మీద పరుచుకున్న గుర్రపుడెక్క గుర్తొచ్చి, కింద నీళ్లుంటాయిలే అనుకుంది. అలాంటివే పన్నెండు చెరువులు. ఫోన్లో ఫొటో తెరిచి, ఎరుపంటే పచ్చదనమని చెప్పి, ఇదేమిటని నాయనమ్మను అడిగింది.

"గది శిఖం, బిడ్డా. నీళ్లు ఎనకకు వోయినంక చెర్వుల దోస, పుచ్చ ఏస్తరు. చెర్వు ఎండితెనే గంత పచ్చగుంటది."

శిఖమనే మాట సాక్షి పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఇంట్లో తెలుగులో అడిగినా మరాఠీలో జవాబిచ్చే పిల్ల, ఎక్కడ వింటుంది?

నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మర్నాడు వెళ్లి పై అధికారి స్నేహల్‌కు అంతా చెప్పేసింది. ఆవిడ తిట్టలేదు. పన్నెండూ దిద్దించి, పర్మనెంట్ మాత్రం మూడు నెలలు వెనక్కి నెట్టింది. సాక్షి ఏడ్చింది. నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.

నాలుగో రోజు ట్యాంకర్ వచ్చిందని పోచమ్మ ఫోన్ చేసింది. అప్పుడు సాక్షి తను చేసిన పని నాయనమ్మ ముందు బయటపెట్టింది.

"నాకు జెప్పుడెందుకు? నీళ్లు మోసింది నా చెల్లె. దానికి జెప్పు," అంటూ రాజవ్వ ఫోన్ ఆమె చేతిలో పెట్టింది.

సాక్షి వచ్చీరాని తెలుగులో మొత్తం చెప్పింది. డెబ్బై ఏళ్ల పోచమ్మ పదిహేను రోజులుగా రెండు కిలోమీటర్లు బిందె మోసిందని సాక్షికి అప్పుడు ఆమె నోటనే తెలిసింది.