స్లైడు మూలన మూడు గీతలు

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. అప్పుడే రాసి ఉండేదాన్ని, కానీ అప్పటికి ఇలా రాయడం రాదు. యాభై నిండాక అక్షరాలు దిద్దినదాన్ని. స్లైడు మీద నాలుగు మాటలు పెట్టగలిగేదాన్ని గానీ, జరిగినదాన్ని ముందూ వెనకా కలిపి చెప్పడం ఈ మధ్యనే పట్టుబడింది.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. నవ్వుకుంటే నవ్వుకోండి, జరిగింది మాత్రం మార్చి రాయను.

చిలకలూరిపేట దగ్గర మిర్చి గోదాములో తొడిమలు తీసే పని నాది. మధ్యాహ్నం దాకా పని, తర్వాత పెద్దవాళ్ళకు చెప్పే పదో తరగతి. అసైన్‌మెంటుగా మా పని గురించి కంప్యూటర్లో ఐదు స్లైడులు చేసి క్లాసు ముందు చెప్పాలి.

నాకు తెలిసిందంతా పెట్టేశాను. విత్తనం, పురుగు, కోత, కళ్ళం, అన్నీ చీమల్లాంటి అక్షరాల్లో. కంప్యూటర్ చెప్పే మేడమ్‌ది మా అమ్మాయి వయసు. చూసి నవ్వింది.

“ఆంటీ, ఇది స్లైడా, టిక్కీనా? తొక్కి తొక్కి నింపారు.”

టిక్కీ అంటే మేము కాయలు తొక్కి నింపే గోనె బస్తా. క్లాసంతా నవ్వారు. స్లైడుకి ఒక్క విషయం చాలని, చివరి బెంచీకి కనపడేంత అక్షరాలు ఉండాలని మేడమ్ చెప్పింది. ఏది తీయాలో నాకు తోచలేదు. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాల్లో ఒక్కటి తీయడానికైనా ప్రాణం ఒప్పలేదు.

అంతలో కరెంటు పోయింది. అందరం వరండాలో కూర్చున్నాం. తలుపు మా ఎదురుగానే ఉంది, లోపలికి ఎవరూ వెళ్ళలేదు. అరగంటకి కరెంటు వచ్చాక నా ఫైలు తెరిచాను.

స్లైడుకి ఒక్క వాక్యమే మిగిలింది. పెద్ద అక్షరాలు. మాటలు నావే. ‘తొడిమ’ను ‘తోడిమ’ అని రాసిన తప్పు కూడా అలాగే ఉంది. ప్రతి స్లైడు కింద మూలన మూడు ఎర్ర గీతలు, విసనకర్రలా విచ్చుకుని.

ఆ గుర్తు నాగరత్నమ్మది. ఇరవై ఏళ్ళు నా పక్కన కూర్చుని పనిచేసింది. తాలు, అంటే రంగు పోయిన కాయ, నాగరత్నమ్మ కన్ను దాటేది కాదు. “కళ్ళు ఇంటికాడ పెట్టొచ్చావటే? ఈ తాలంతా ఎవరేరతారు?” అని నన్ను కసిరి, తనే ఏరేది. ఏరాక కుప్ప మీద మూడు కాయలు విసనకర్రలా పెట్టేది. ఇక తాలు లేదని అర్థం. దానికి వేలిముద్ర తప్ప చదువు లేదు. అంతకు ముందు వేసవిలో చనిపోయింది.

మేడమ్ ముఖం మారింది. “ఎవరు చేసిచ్చారు ఆంటీ? గీతలు గీయడం నేనింకా చెప్పనేలేదు.”

“ఏరింది ఎవరో తెలీదు మేడమ్. రాసింది మాత్రం నేనే.”

రేపు తన కళ్ళ ముందు ఒక స్లైడు చేసి చూపించకపోతే సున్నా వేస్తానంది. ఆ గీతలూ చెరిపేయమంది.

నేనే ఏదో నొక్కి ఉంటానని కొందరన్నారు. కావచ్చు. కరెంటు పోతే ఫైలు పోతుంది గానీ, తాలు ఏరదు కదా. ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు ఉదయం పని మానేసి, క్లాసుకి అందరికంటే ముందే వెళ్ళాను. అందరూ వచ్చాక, వాళ్ళు చూస్తుండగా కొత్త స్లైడు తెరిచి, పెద్ద అక్షరాల్లో ఒక్క వాక్యం కొట్టాను. ‘తాలు కలిస్తే కారం రంగు పోతుంది.’ పాత స్లైడుల్లో గీతలు చెరపలేదు. కొత్తదాని మూల మాత్రం ఖాళీగా వదిలాను. ఆ గుర్తు పెట్టే చెయ్యి నాది కాదు.