జర్మనీ పట్టీ అని చెప్పాను

ముప్పై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. సరిగ్గా చెప్పాలంటే రెండు. మొదటిదానికి నేను సిగ్గుపడను. ఈరోజు అడిగినా మళ్ళీ అదే చెబుతాను. రెండోది ఒక్క మాట. అది విన్నవాళ్ళం ముగ్గురం. ఇద్దరు పోయారు. మిగిలింది నేను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే వెంటనే "పోనీలే, ఎప్పటిదో" అంటారు. ఆ ఓదార్పు నాకు వద్దు. వింటే చాలు.

నేను తమిళదేశంలో, మా తెలుగువాళ్ళున్న రాజపాళయంలో కార్లు బాగుచేసేవాణ్ణి. యుద్ధకాలంలో సైన్యం వర్క్‌షాపులో పని నేర్చుకున్నాను. తిరిగొచ్చి తెన్కాశి రోడ్డు పక్కన ఒక కొట్టం వేసుకున్నాను. అప్పట్లో మా ఊళ్ళో మిల్లులవాళ్ళకీ, తోటలవాళ్ళకీ సీమ కార్లుండేవి. ఇంగ్లీషువి, ఇటలీవి, జర్మనీవి. నున్నటి రోడ్లకోసం చేసిన బండ్లు అవి. సత్రపట్టి దారిలో రెండు వానాకాలాలు తిరిగేసరికి వాటి నడుములు పోయేవి.

ఇంజను పని చాలామందికి వచ్చు. బండి కింది పని వేరు. అక్కడ రోగం ఒకచోట ఉంటుంది, నొప్పి ఇంకోచోట తెలుస్తుంది. టైరు లోపలి అంచు అరిగితే అందరూ టైరు మారుస్తారు. బ్రేకు వేయగానే ఒక పక్కకు లాగితే బ్రేకు చూస్తారు. నేను మొదట బండికి ఎదురుగా దూరంగా కూర్చుని ఊరికే చూసేవాణ్ణి. అది ఎట్లా నిలబడిందో చూసేవాణ్ణి. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోండి. గొప్పే. చుట్టుపక్కల ఆ పని నాకంటే బాగా చూడగలిగినవాడు లేడు. మొండిగా ఉందా ఈ మాట? ఉండనీండి. అసలు ఈ గొప్పే నాచేత ఆ మాట అనిపించింది కాబట్టి దాన్ని దాచి మీకు మిగతాది చెప్పలేను.

యాభైల చివర ఒక మిల్లు మొదలాళి, అంటే యజమాని, కారు నా దగ్గరికి వచ్చింది. జర్మనీ కారు. ఎడమ చక్రం గతుకులో పడితే లోపల ఎక్కడో 'టక్' మని శబ్దం. మదురైలో రెండుసార్లు షాక్ అబ్సార్బర్లు మార్చారట. కొత్త టైరు వేశారట. శబ్దం పోలేదు. నేను ముందు మడ్‌గార్డు మీద బరువంతా వేసి నొక్కి వదిలాను. ఒక్కసారి లేచి కుదురుగా నిలిచింది. అంటే షాక్ అబ్సార్బర్లలో దోషం లేదు. తర్వాత రెండు పక్కలా నేలనుంచి జానతో కొలిచాను. ఎడమ పక్క రెండు వేళ్ళు కిందికి ఉంది.

ఆ కారు ముందు భాగంలో ఇరుసు ఉండదు. ఒక చక్రం నుంచి రెండో చక్రం దాకా అడ్డంగా స్ప్రింగు పట్టీలు ఉంటాయి. వాటిని నడిమధ్య ఒక ఇనుప బిగింపు పట్టుకుని ఉంటుంది. పడుకుని చూశాను. పట్టీలన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ బిగింపు అంచున ఎర్రటి పొడి. కుంకుమలాంటి తుప్పు పొడి. లోపల కనిపించనిచోట ఏదో ఒకటి రాసుకుంటోంది. బిగింపు విప్పాను. పెద్ద పట్టీ నడిమికి విరిగి ఉంది. ఆ బిగింపే ఇన్నాళ్ళూ రెండు ముక్కలనూ కలిపి పట్టుకుంది.

మొదలాళికి చెప్పాను. ఆయన ఒకటే అన్నాడు. జర్మనీ సామానే వేయాలి. ఊళ్ళో కొట్టిన ఇనుము తన కారు కిందికి పోకూడదు. బొంబాయికి రాశాం. దిగుమతికి అనుమతి లేదని జవాబు వచ్చింది. కారు నా కొట్టంలో నెలల తరబడి పడివుంది. చివరికి బండిని మదరాసు పంపేస్తానని కబురు చేశాడు. అప్పుడు నేను దగ్గర్లోని చోళపురం పోయాను.

చోళపురంలో కాళిముత్తు ఆచారి ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నాగలి కర్రులు, బండి చక్రాలకు ఇనుప కట్లు, అదే అతని పని. తమిళం ఇంటి మాట, మాతో మా తెలుగులోనే మాట్లాడేవాడు. నాకు ఒకసారి ఉలి చేసిచ్చాడు. నాలుగేళ్ళు వాడినా దాని మొన పోలేదు. ఆ ఉలి నా చేతిలో ఉన్నన్నాళ్ళూ అతను ఎంతటివాడో నాకు తెలుసు. తెలియదని నేను చెప్పుకోలేను.

విరిగిన ముక్కలు చూపించాను. వాటిని నేలమీద కలిపి పెట్టి, చుట్టూ సుద్దతో గీసుకున్నాడు. పాత మిలిటరీ లారీ పట్టీలు రెండు నేను తెచ్చిచ్చాను. ఒకదాన్ని కాల్చి, సాగగొట్టి, వంపు తెచ్చాడు. కొలిమి తిత్తి ఊదింది అతని పెళ్ళాం. మొదటిది నూనెలో ముంచి తీశాక, బరువు పెట్టేసరికి గాజులా పగిలింది. అతను నవ్వాడు. రెండోదాన్ని నూనెలోంచి తీసి మళ్ళీ నిప్పులమీద పట్టుకుని, ఎండు పుల్లతో దాని వీపుమీద రుద్దుతూ కూర్చున్నాడు. రుద్దుతున్న పుల్ల మొన నిప్పురవ్వలు రాల్చే దాకా కదల్లేదు. తర్వాత బూడిదలో పెట్టి చల్లారనిచ్చాడు. రెండు రాళ్ళమీద ఆ పట్టీని పెట్టి ముగ్గురం ఎక్కి నిలబడ్డాం. దిగాం. తీసి సుద్ద గీతమీద పెడితే సరిగ్గా కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు.

సైన్యంలో పెద్ద పెద్ద వర్క్‌షాపులు చూసినవాణ్ణి నేను. ఆ పని చేసే మనిషిని మాత్రం అంతకుముందు చూడలేదు.

మదరాసులో ఒకాయన దగ్గర దొరికింది, అసలు జర్మనీ పట్టీ అని మొదలాళికి చెప్పాను. ఇదీ మొదటి అబద్ధం. దీనికి నన్ను ఎవరూ ఏమీ అనలేరు. ఆయనకు కావలసింది జర్మనీ అన్న పేరు. పేరిచ్చాను. బండికి కావలసింది మంచి పట్టీ. పట్టీ ఇచ్చాను. ఆ కారు తర్వాత ఎనిమిదేళ్ళు తిరిగింది. గ్రీజుకు వచ్చిన ప్రతిసారీ నేను జానతో కొలిచాను. ఎడమ పక్క ఒక్క వేలు కూడా దిగలేదు.

ఇక రెండోది.

పట్టీ బిగించడం మొదలాళి ఇంటి ముందే జరిగింది. తన కళ్ళముందే కావాలని, కారును లారీకి కట్టి అక్కడికి లాగించుకున్నాడు. అంత బరువు ఒక్కణ్ణే పట్టుకోలేను. కాళిముత్తు తానే వస్తానన్నాడు. తాను చేసినది కారు కింద ఎట్లా కూర్చుంటుందో చూడాలని అతనికి ఆశ. పని అయ్యాక ఒక్కసారి ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పమని బస్సులో వస్తూ అడిగాడు. సరేనన్నాను.

బిగించాం. జాకీ దించాం. కారు రెండు పక్కలా సమంగా నిలబడింది. మొదలాళి వచ్చి మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మొహం విప్పారింది.

"ఇదేనాప్పా జర్మనీ నుంచి వచ్చిన పట్టీ?"

"ఆమా మొదలాళీ. ఇదే."

"ఇనుమంటే ఇది! మన మిల్లులో స్ప్రింగులు దినమూ విరగతానే ఉండాయి. ఇట్ల పదును పెట్టేవాడు మన పక్క ఎవడన్నా ఉండాడా? ఉంటే చెప్పు. మిల్లులోనే కొలిమి వేయించి, ఉండేదానికి ఇల్లు ఇచ్చి పెట్టుకుంటాను."

కాళిముత్తు ఎడమ చక్రం పక్కన నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవడం ఆపాడు.

"లేడు మొదలాళీ," అన్నాను. "మన పక్క ఆ పని తెలిసినవాడు ఒక్కడూ లేడు."

"ఈయన ఎవరు?"

"సామాను పట్టుకొనేదానికి వచ్చినాడు. చోళపురం."

మొదలాళి తల ఊపి, లోపలికి పోతూ, బండిని ఒకసారి తిప్పి చూడమన్నాడు. నేను తలుపు తెరిచి కాళిముత్తును ఎక్కమన్నాను. అవును, తెరిచాను. అంత పని చేశాక కూడా తలుపు తెరిచాను.

"నువ్వు పోన్నా," అన్నాడు. "నాకు బస్సుంది."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉండివుంటే నేను ఎదురు తిరిగేవాణ్ణి. నాకూ మాటలు వచ్చు.

ఎందుకన్నాను ఆ మాట? ఏళ్ళ తరబడి నాకు నేను ఒకటే చెప్పుకున్నాను: నిజం బయటపడితే మొదలాళి పట్టీ ఊడబెరికించేవాడు, ఇద్దరం చెడేవాళ్ళం అని. కానీ పట్టీ ఎవరు చేశారో చెప్పనక్కరలేకుండానే, 'చోళపురంలో ఒక ఆచారి ఉన్నాడు, పిలిచి చూడండి' అని ఉండొచ్చు కదా? జర్మనీ అబద్ధం అట్లాగే ఉండేది, కాళిముత్తుకు మిల్లులో కొలిమీ దొరికేది. ఆ దారి నాకు అక్కడే, ఆ క్షణంలోనే కనిపించింది. కనిపించలేదని మీతో అనను. నేను మొదలాళికి భయపడలేదు. కాళిముత్తుకు భయపడ్డాను. అట్లాంటి చెయ్యి ఒకటి మిల్లులోకి వస్తే, కార్లవాళ్ళంతా నన్ను ఏమంటారు? రోగం చెప్పేవాడు అంటారు. మందు ఇచ్చేవాడు వాడు అంటారు. ఆ రెండో స్థానం నాకు మింగుడుపడలేదు.

మిల్లుకు కోయంబత్తూరు వైపు నుంచి ఒకణ్ణి తెచ్చుకున్నారు. కొలిమి వేయించారు. ఇల్లిచ్చారు.

రెండు నెలల తర్వాత ఒక ఇంగ్లీషు కారు పట్టీ విరిగితే పట్టుకుని చోళపురం పోయాను. కాళిముత్తు నన్ను కూర్చోమన్నాడు. నీళ్ళిచ్చాడు. వాన గురించి మాట్లాడాడు. పట్టీ ముందు పెట్టాను. దాన్ని తాకలేదు.

"ఆ పని నాకు తెలియదన్నా," అన్నాడు.

తిత్తి దగ్గర అతని పెళ్ళాం తల ఎత్తలేదు. నేను పట్టీ చంకన పెట్టుకుని లేచి వచ్చేశాను. ఆ కారును ఏదో చేసి నడిపించాను. మంచి పని కాదు అది.

కొన్నేళ్ళకు నాగలి కర్రులు అంగళ్ళలోనే దొరకడం మొదలైంది. అతని కొలిమి ఆరింది. పెళ్ళాంతో తూత్తుకుడి పోయి రేవులో మూటలు మోస్తున్నాడని తళవాయిపురం బస్సులో ఎవరో చెబితే విన్నాను. తర్వాత అక్కడే పోయాడనీ విన్నాను. పోయి చూడలేదు. మొదలాళి బతికినన్నాళ్ళూ ఆ పట్టీని వచ్చినవాళ్ళకు చూపించి నన్ను మెచ్చుకునేవాడు. నేను ప్రతిసారీ తల వంచి నవ్వేవాణ్ణి. అట్లా ఎన్నిసార్లు నవ్వానో. ఆ నవ్వులన్నీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

క్షమించమని నేను అడగడం లేదు. మీకు ఆ హక్కు లేదు. ఉన్నవాడు లేడు. దేవుడి దగ్గర చెప్పుకోమని ఎవరైనా అంటే, దేవుడి ముందా నేను ఆ మాట అన్నది? మనుషుల ముందు అన్నాను. మనుషులకే చెప్పాలి. నేను చెడ్డవాణ్ణి అని కూడా అనను. పనివాణ్ణి. మంచి పనివాణ్ణి. అంతకంటే మంచి పనివాడొకడు నా పక్కన నిలబడితే, అతన్ని లేకుండా చేశాను.

ఆ కారు కింద ఎనిమిదేళ్ళు తిరిగిన పట్టీ చేసింది చోళపురం కాళిముత్తు ఆచారి. నేను బోల్టులు బిగించాను. ఈ సంగతి ఇప్పుడు నాతోపాటు మీకూ తెలుసు. అందువల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి నిండుగా ఆడుతోంది. అదికూడా ఒప్పుకుంటున్నాను.